కంప్యూటరు తనంతట తానే మళ్ళీ మొదలైతే



కంప్యూటరును మనం కావాలని ఆపి మళ్ళీ మొదలుపెట్టడం మామూలు పని. అది మన ప్రమేయం లేకుండా, పని మధ్యలో తనంతట తానే ఆగి మళ్ళీ మొదలుకావడం మాత్రం యంత్రం మనకు పంపే కబురు. ఆ కబురును చదవడం నేర్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది చిన్న విషయం కాదు. పాఠశాల కోసం రాసుకున్న వ్యాసాలు, నాన్నగారి దుకాణం లెక్కలు, అక్క పెళ్ళి ఫోటోలు ఇప్పుడు ఆ పెట్టెలోనే ఉంటున్నాయి. పని మధ్యలో యంత్రం ఆగితే, భద్రపరచని రాత పోతుంది. డిస్కు మీద రాస్తున్న క్షణంలోనే ఆగితే ఆ ఫైలు పాడైపోవచ్చు కూడా. ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. కారణం తెలియక కొందరు డిస్కునంతా తుడిచివేస్తారు. మరికొందరు బాగుపడగల యంత్రాన్ని పారవేసి కొత్తది కొంటారు. ఇంట్లో ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లుంటుంది ఈ పని.

జ్వరం వచ్చిందని వైద్యుని దగ్గరకు వెళ్ళితే ఆయన వెంటనే మందు రాయడు. "జ్వరం ఎప్పుడు వస్తోంది? పగలా, రాత్రా? చలితో వస్తోందా?" అని అడుగుతాడు. కంప్యూటరు విషయంలోనూ అంతే. "ఎందుకు ఆగుతోంది?" అనే ప్రశ్నకు జవాబు కావాలంటే, ముందు "ఎప్పుడు ఆగుతోంది?" అనే ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి.

లోపల ఏమి జరుగుతుంది?

మారిషస్‌లో మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. అది సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. కాని కంప్యూటరు లోపలి భాగాలకు అంత కరెంటు పనికిరాదు. వాటికి 12, 5, 3.3 వోల్టుల వంటి తక్కువ వోల్టేజిలో, ఒకే దిశలో ప్రవహించే కరెంటు కావాలి. ఈ మార్పు చేసే పెట్టెను పవర్ సప్లై అంటారు. బల్లమీది కంప్యూటరులో కరెంటు తీగ వచ్చి తగులుకొనే ఇనుప పెట్టె ఇదే.

ఈ పెట్టె కరెంటు ఇవ్వడంతో ఊరుకోదు. తాను ఇచ్చే వోల్టేజి సరిగా ఉన్నంతసేపు మదర్‌బోర్డుకు ఒక ప్రత్యేకమైన తీగ ద్వారా "అంతా బాగుంది" అనే సంకేతం పంపుతూ ఉంటుంది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణంలో ఈ ఏర్పాటు ఉంది. ఈ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల తీగలో వోల్టేజి సాధారణంగా 11.4 కంటె తగ్గరాదు, 12.6 కంటె పెరగరాదు. పెట్టె తన బాధ్యత నెరవేర్చలేని స్థితి వస్తే ఆ సంకేతం ఆగిపోతుంది. వెంటనే మదర్‌బోర్డు ప్రాసెసరును ఆపివేస్తుంది. సంకేతం తిరిగి రాగానే కంప్యూటరు మొదటి నుండి ప్రారంభమవుతుంది. అంటే యంత్రం తప్పుడు కరెంటుతో తప్పుడు లెక్కలు చేయకుండా తనను తాను కాపాడుకొంటున్నది.

అన్ని పునఃప్రారంభాలకూ కరెంటే కారణం కాదు. ప్రాసెసరు విపరీతంగా వేడెక్కడం, మెమరీలో లోపం, ప్రోగ్రాముల తప్పు కూడా కారణాలు కావచ్చు. విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ తాను కోలుకోలేని తప్పు జరిగిందని గ్రహిస్తే, ఉన్న సమాచారం చెడకుండా పనిని ఆపివేస్తుంది. అందువల్ల వీటిని ఒకదాని నుండి మరొకదానిని వేరుచేసి చూడాలి.

ముందు చేయవలసిన రెండు పనులు

మొదటిది, ముఖ్యమైన ఫైళ్ళన్నిటికీ వేరొక డిస్కులో గాని పెన్‌డ్రైవులో గాని నకలు తీయండి. పరీక్షలన్నీ ఆ తరువాతే. యంత్రం బాగుపడకపోయినా మరొకటి కొనవచ్చు. పోయిన ఫోటోలను ఏ దుకాణంలోనూ కొనలేము.

రెండవది, ఒక నోటుపుస్తకం తీసుకొని కంప్యూటరు పక్కన పెట్టండి. అది మళ్ళీ మొదలైన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, మొదలుపెట్టి ఎంతసేపయింది, ఇంట్లో అప్పుడు ఇంకేమైనా పెద్ద యంత్రం నడిచిందా అనే విషయాలు రాయండి. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పి, వారిచేత కూడా రాయించండి. వారం రోజుల రాతలో ఒక క్రమం కనబడవచ్చు.

ఆ క్రమం ఏమి చెబుతుందో చూడండి. భారమైన ఆట మొదలుపెట్టిన ఒకటి రెండు నిమిషాలకే ఆగుతుంటే పవర్ సప్లైని అనుమానించాలి. ఇరవై నిమిషాలో అరగంటో బాగా నడిచి, ఆ తరువాత ఆగుతుంటే వేడిని అనుమానించాలి. ఫ్రిజ్ గాని నీళ్ళ పంపు గాని మొదలైనప్పుడే ఆగుతుంటే ఇంటి వైరింగు మీద దృష్టి పెట్టాలి. కొత్త ప్రింటరో కొత్త ప్రోగ్రామో పెట్టిన రోజు నుండే ఈ బాధ మొదలైతే ఆ కొత్తదానిని చూడాలి. ఏ క్రమమూ లేకుండా, ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆగుతుంటే మెమరీని పరీక్షించాలి. ఇవి తీర్పులు కావు. ఏ వైపు మొదట వెతకాలో చెప్పే దారి గుర్తులు మాత్రమే.

గోడ నుండి పెట్టె దాకా

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? అందుచేత కంప్యూటరును విప్పకముందే, బయట ఉన్నవాటిని చూడాలి.

మన దేశంలో బ్రిటిష్ పద్ధతి మూడు కాళ్ళ ప్లగ్గులు, యూరపు పద్ధతి రెండు కాళ్ళ ప్లగ్గులు రెండూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి చాలా ఇళ్ళలో ఒకదాని నుండి మరొకదానికి మార్చే అడాప్టర్లు కనబడతాయి. అడాప్టరు వదులైతే, బల్లకు కాలు తగిలినా కరెంటు క్షణంపాటు తెగుతుంది. పైగా రెండు కాళ్ళ చిన్న అడాప్టరులో ఎర్త్ తీగ కలవదు. ఇది ప్రమాదం కూడా. కంప్యూటరును అడాప్టరు లేకుండా, ఎర్త్ ఉన్న సాకెట్‌కు నేరుగా తగిలించి రెండు రోజులు చూడండి. ఒకే పొడిగింపు తీగకు కంప్యూటరుతోపాటు ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిల్ తగిలించవద్దు. పవర్ సప్లై వెనుక దూర్చే తీగ బిగువుగా ఉన్నదా అని కూడా చూడండి.

కరెంటు ఎంతసేపు తెగితే కంప్యూటరు ఆగుతుంది? పూర్తి భారంతో నడుస్తున్నప్పుడు, ఏటీఎక్స్ ప్రమాణం పాటించే పవర్ సప్లై గోడ కరెంటు తెగినా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబెట్టగలగాలి. మన కరెంటులో ఒక ఆవృత్తికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. అంటే దీపం ఒక్కసారి మిణుక్కుమన్నంత మాత్రాన కంప్యూటరు మళ్ళీ మొదలుకావచ్చు. దీపం తిరిగి వెలుగుతుంది గనుక ఏమీ జరగలేదని మనం అనుకుంటాము. నవంబరు నుండి ఏప్రిల్ వరకు మనకు వేసవి, తుఫానుల కాలం. ఈదురుగాలికి తీగలు కదిలే ఆ రోజులలో ఇట్టి క్షణిక అంతరాయాలు వస్తే, వాటికి విరుగుడు యు.పి.ఎస్. అనే బ్యాటరీ పెట్టె. కాని దాని బ్యాటరీ కొన్నేళ్ళకు బలహీనపడుతుంది. అప్పుడు ఆ యు.పి.ఎస్.యే సరిగా నిలబడక కంప్యూటరును ఆపవచ్చు. అనుమానం వస్తే కొంతకాలం దానిని పక్కన పెట్టి చూడండి.

ఇంకొక చిన్న కారణం ఉంది. కొన్ని కంప్యూటర్ల ముందు భాగంలో రీసెట్ బటన్ ఉంటుంది. దుమ్ము చేరి అది లోపలికి ఇరుక్కుంటే, మనం నొక్కకపోయినా నొక్కినట్లే అవుతుంది. అది స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో వేలితో చూస్తే తెలుస్తుంది.

పెట్టె తెరిచేటప్పుడు జాగ్రత్త

ఇక్కడి నుండి చేసే పనులు పెద్దల సమక్షంలోనే చేయాలి. మొదట కంప్యూటరును ఆపి, గోడ నుండి ప్లగ్గు తీసివేయండి. తరువాత ముందున్న బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. దానివల్ల బోర్డులో మిగిలిన కరెంటు ఖర్చవుతుంది. లోపలి భాగాలను తాకేముందు, పెట్టె ఇనుప భాగాన్ని తాకండి. మన ఒంటి మీద చేరే స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగాలను పాడుచేయగలదు.

ఒక్క మాట మాత్రం మరచిపోకండి. పవర్ సప్లై పెట్టెను ఎన్నడూ విప్పరాదు. గోడ నుండి వచ్చే 230 వోల్టులు దానిలో ఏకదిశ కరెంటుగా మారేటప్పుడు సుమారు 325 వోల్టులవుతాయి. ఆ విద్యుత్తును పట్టి ఉంచే కెపాసిటర్లలో, ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణాపాయం కలిగించేంత విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. పవర్ సప్లై చెడిందనిపిస్తే దానిని బాగుచేయబోవద్దు. మొత్తం పెట్టెను మార్పించాలి.

వేడి, దుమ్ము

ప్రాసెసరు పనిచేస్తున్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడిని దానిపైన ఉన్న లోహపు రెక్కలు గ్రహిస్తే, ఫ్యాను గాలి దానిని బయటికి పంపుతుంది. రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుంటే వేడి లోపలే నిలుస్తుంది. చాలా ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా పనిని ఆపివేస్తాయి. వేడివల్ల ఆగిన కంప్యూటరు తరచు పూర్తిగా ఆగిపోతుంది. చల్లబడేదాకా సరిగా నడవదు. ఈ తేడాను కూడా నోటుపుస్తకంలో రాయండి.

దుమ్మును మెత్తని కుంచెతో గాని, డబ్బాలో దొరికే ఒత్తిడి గాలితో గాని తొలగించండి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోండి. నోటితో ఊదవద్దు, తడి పడుతుంది. ప్రాసెసరుకూ లోహపు రెక్కలకూ మధ్య ఉండే ముద్ద ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది. దానిని తుడిచి కొత్తది పూయడం అనుభవం ఉన్నవారి పని. కంప్యూటరును గోడకు ఆనించి పెట్టకుండా, వెనుక జానెడు ఖాళీ వదలండి.

తెరిచినప్పుడే మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లను కూడా చూడండి. వాటి పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా ఆ బోర్డు నమ్మదగినది కాదు. 2000 తరువాతి కొన్ని సంవత్సరాలలో తయారైన ఎన్నో బోర్డులలో ఈ లోపం బయటపడింది. ఇప్పటికీ పాత కంప్యూటర్లలో ఇది కనిపించవచ్చు.

మెమరీ పరీక్ష

మెమరీ అంటే కంప్యూటరు చేతి పలక వంటిది. పని చేస్తున్నంతసేపు లెక్కలన్నీ దానిమీదే రాసుకొంటుంది. అందులో ఒక్క గడి చెడినా, 1 రాసినచోట 0 కనబడవచ్చు. ఆ గడి ఫోటోకు చెందినదైతే ఒక రంగు చుక్క మారుతుంది. నిర్వహణ వ్యవస్థకు చెందినదైతే యంత్రమంతా ఆగిపోవచ్చు. అందుకే ఈ లోపానికి క్రమం ఉండదు.

విండోస్‌లో మెమరీని పరీక్షించే ప్రోగ్రాము ఉచితంగా ఉంది. దాని పేరు విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్. పెన్‌డ్రైవు నుండి నడిచే మెమ్‌టెస్ట్86 ఇంకా లోతుగా పరీక్షిస్తుంది. దానిని రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా "ఒక్కటే కదా" అనుకోరాదు. మెమరీ పలకలు రెండు ఉంటే, ఒకదానిని తీసి రెండవదానితో, తరువాత రెండవదానిని తీసి మొదటిదానితో నడిపి చూస్తే దోషి ఎవరో తేలుతుంది. సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో పలక అంచున ఉండే లోహపు కాళ్ళు మసకబారవచ్చు. ఒక్కొక్కసారి పలకను తీసి, పొడి మెత్తని గుడ్డతో తుడిచి, మళ్ళీ గట్టిగా కూర్చోబెడితేనే సరిపోతుంది.

ప్రోగ్రాముల తప్పు

విండోస్ తనకు తగిలిన తప్పును ఒక తెరమీద రాసి చూపుతుంది. చాలాకాలం అది నీలం తెర. 2025 నుండి కొత్త విండోస్ 11లో అది నల్లని తెరగా మారింది. అయితే వెంటనే మళ్ళీ మొదలుకావడం వల్ల మనం దానిని చదవలేము. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే భాగం కింద స్టార్టప్ అండ్ రికవరీ అనే చోట, తనంతట తానే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటుకు టిక్కు గుర్తు ఉంటుంది. దానిని తీసివేస్తే తెర నిలుస్తుంది. మీ కంప్యూటరు ఫ్రెంచి భాషలో ఉంటే ఈ పేర్లు ఫ్రెంచిలో కనబడతాయి. తెరమీది సంకేతాన్ని నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.

ఈవెంట్ వ్యూయర్ అనేది విండోస్ రాసుకొనే దినచర్య పుస్తకం. దానిలో సిస్టమ్ భాగం తెరవండి. 1074 అనే సంఖ్య ఉంటే ఎవరో, లేదా ఏదో ప్రోగ్రాము, కోరి మళ్ళీ మొదలుపెట్టినట్లు. రాత్రిపూట నవీకరణ జరిగి కంప్యూటరు మళ్ళీ మొదలైతే ఈ సంఖ్యే కనబడుతుంది. అది రోగం కాదు. 1001 కింద తప్పు సంకేతం ఉంటే విండోస్ తప్పు చూసి ఆగినట్లు. 41 మాత్రమే ఉంటే సరిగా ఆపకుండానే యంత్రం ఆగిందని అర్థం. కరెంటు గాని, వేడి గాని, భాగాల లోపం గాని కావచ్చునని అది చెబుతుంది. ఏది అనేది మాత్రం చెప్పదు.

పెట్టెలో ఏ లోపమూ లేకుండానే కంప్యూటర్లు ఆగిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రోగ్రాము వ్యాపించింది. అది సోకిన అనేక కంప్యూటర్లు "60 సెకన్లలో ఆగిపోతున్నాను" అని లెక్క చూపి మళ్ళీ మళ్ళీ మొదలయ్యాయి. దానికి విరుగుడైన నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకుముందు జూలైలోనే విడుదల చేసింది. దానిని పెట్టుకున్నవారు తప్పించుకున్నారు. దీనికి విరుద్ధమైన పాఠం కూడా ఉంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన భద్రతా ప్రోగ్రాముకు పంపిన ఒక తప్పు నవీకరణ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఎన్నో యంత్రాలు మొదలవుతూ ఆగుతూ ఉండిపోయాయి. విమానాశ్రయాలలో, ఆసుపత్రులలో పనులు నిలిచాయి. కాబట్టి నవీకరణలు మానరాదు. అయితే బాధ మొదలైన రోజున ఏమి మారిందో కూడా చూడాలి. సేఫ్ మోడ్‌లో బాగా నడిచి, మామూలుగా మొదలుపెడితే ఆగుతుంటే, ఆ మధ్య చేర్చిన ప్రోగ్రామునో డ్రైవరునో తీసి చూడాలి.

ఒకసారి ఒక్క మార్పే

పరీక్షలన్నిటిలో ముఖ్యమైన నియమం ఇది. ఒకే రోజున దుమ్ము దులిపి, మెమరీ మార్చి, కొత్త ప్రోగ్రాము పెడితే కంప్యూటరు బాగుపడవచ్చు. కాని దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్ళీ చెడితే మళ్ళీ మొదటికే వస్తాము. ఒక్క మార్పు చేయండి, రెండు మూడు రోజులు చూడండి, ఫలితం రాయండి, తరువాతే రెండవ మార్పు చేయండి.

ఇంత చేసినా ఫలితం లేకపోతే బాగుచేసేవారి దగ్గరకు తీసుకొని వెళ్ళండి. నోటుపుస్తకాన్ని కూడా తీసుకువెళ్ళండి. "ఊరికే ఆగిపోతోంది" అని చెప్పేవారికి, "గత వారం ఆరుసార్లు ఆగింది, ఆరుసార్లూ ఆట మొదలైన రెండు నిమిషాలకే, సాకెట్ మార్చి చూశాము, మెమరీలో తప్పులేదు" అని చెప్పేవారికి చాలా తేడా ఉంది. రెండవవారికి పని త్వరగా అవుతుంది. అనవసరమైన భాగాలు కొనవలసిన అవసరం తప్పుతుంది.

ఓపికతో చూడటం, చూసినది రాయడం, ఒక్కొక్కటిగా పరీక్షించడం – ఇంట్లో కుళాయి కారినా, సైకిలు గొలుసు ఊడినా పనికివచ్చే పద్ధతి ఇదే.

అభ్యాసం

1. కంప్యూటరు మన ప్రమేయం లేకుండా మళ్ళీ మొదలుకావడాన్ని ఈ పాఠంలో "కబురు" అని ఎందుకు అన్నారు?
2. దీపం ఒక్కసారి మిణుక్కుమన్నప్పుడు కంప్యూటరు ఎందుకు ఆగవచ్చునో 50 ఆవృత్తుల లెక్కతో వివరించండి.
3. పవర్ సప్లై పెట్టెను ఎందుకు విప్పరాదు?
4. ఒక కంప్యూటరు అరగంట నడిచి ఆగుతుంది. చల్లబడేదాకా సరిగా నడవదు. మొదట దేనిని అనుమానిస్తారు? ఎట్లా తేల్చుకుంటారు?
5. 2003, 2024 సంఘటనల నుండి నేర్చుకోవలసిన రెండు పాఠాలు ఏవి?
6. చేసి చూడండి: మీ ఇంట్లో కంప్యూటరు ఏ సాకెట్‌కు, ఏ అడాప్టరు ద్వారా తగిలించి ఉన్నదో పెద్దలతో కలిసి చూసి, ఐదు వాక్యాలలో తెలుగులో రాయండి.

పదాలు – అర్థాలు

ప్రమేయం = జోక్యం, సంబంధం
ఆవృత్తి = ఒకసారి పూర్తిగా తిరిగి రావడం
పునఃప్రారంభం = మళ్ళీ మొదలుకావడం
అంతరాయం = ఆటంకం
నవీకరణ = కొత్తగా మార్చడం
విరుగుడు = దోషాన్ని పోగొట్టేది